హ్యారీ జెరోమ్ తొడ కండ: ఒక ఫిజియో రాస్తున్న కేస్ స్టడీ

నేను స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్ట్‌ని, ఉండేది హైదరాబాద్‌లో. రోజూ వచ్చే కేసులు హ్యామ్‌స్ట్రింగ్ అంటే తొడ వెనక కండ, మోకాలు, మడమ, మధ్యమధ్యలో మెడ పట్టేసిన సాఫ్ట్‌వేర్ వాళ్ళు. జూనియర్లకి రిహాబ్ గురించి, అంటే గాయం తర్వాత అథ్లెట్‌ని మళ్ళీ ఆటలోకి తేవడం గురించి చెప్పేటప్పుడు మాత్రం నేనొక పాత కేసు తీస్తుంటాను, అది నా పేషెంట్ కాదు, నేను ఈ ఫీల్డ్‌లోకి రాకముందే ముగిసిపోయిన కెరీర్, అందరికీ అందుబాటులో ఉన్న వివరాలే, కానీ ఫిజియో కళ్ళతో చదివితే అందులో దొరికేవి వేరు. పేరు హ్యారీ జెరోమ్, కెనడా నల్లజాతి స్ప్రింటర్, అంటే తక్కువ దూరం పరుగులవాడు. మనవాళ్ళకి పెద్దగా తెలియని పేరు. వాంకూవర్, సర్రే వైపు ఉండే తెలుగువాళ్ళు స్టాన్లీ పార్క్‌లో సీవాల్ అనే సముద్రపు గట్టు మీద వాకింగ్‌కి వెళ్ళుంటే, ఫినిష్ లైన్ దగ్గర ఛాతీ ముందుకి విసురుతున్నట్టున్న కంచు విగ్రహం ఒకటి చూసే ఉంటారు, పక్కన నిలబడి ఫొటో కూడా దిగుంటారు. ఆయనే.

ముందే చెప్పేస్తున్నా, ఈ కేసులో రెండు గాయాలున్నాయి, వాటితో పాటు "వాడికి నొప్పేం లేదు, నాటకాలు" అని నల్లవాడి గురించి అందరూ ఈజీగా అనేసే అలవాటు ఒకటుంది. ఈ అలవాటుని పక్కనపెట్టి గాయాలని మాత్రమే చదివితే ఈ కేసు సగమే అర్థమవుతుంది.

హిస్టరీ, ఫ్యామిలీ హిస్టరీ

పుట్టింది 1940 సెప్టెంబర్ 30న, సస్కాచెవాన్‌లోని ప్రిన్స్ ఆల్బర్ట్‌లో. నాన్న రైల్వే పోర్టర్. పోర్టర్ అంటే మన స్టేషన్‌లో ఎర్ర చొక్కా కూలీ అనుకోకండి, స్లీపర్ కోచ్‌లో ప్రయాణికులకి పక్కలు వేయడం, బూట్లు పాలిష్ చేయడం, రాత్రంతా బెల్ కొడితే పరిగెత్తడం, అదీ పని. ఆ రోజుల్లో కెనడాలో నల్ల మగవాళ్ళకి దొరికే కొద్దిపాటి ఉద్యోగాల్లో అదొకటి, ఎక్కినవాళ్ళు చాలామంది పోర్టర్ ఎవరైనా సరే "జార్జ్" అనే పిలిచేవాళ్ళు, అసలు పేరు అడిగే పని కూడా పెట్టుకునేవాళ్ళు కాదు.

అమ్మ తరఫు తాత జాన్ ఆర్మీ హోవర్డ్. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో కెనడా తరఫున పరిగెత్తాడు, ఆ దేశపు మొదటి నల్లజాతి ఒలింపియన్ ఆయనే, ఆయన కూడా స్ప్రింటరే, ఆయన కూడా రైల్వే పోర్టర్ పని చేసినవాడే. చెల్లెలు వాలెరీ జెరోమ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో అన్నతో పాటే కెనడా టీమ్‌లో ఉంది. ఫ్యామిలీ హిస్టరీ కాలమ్ నిండిపోయింది కదా. ఇక్కడే మా జూనియర్లు ఠక్కున "జీన్స్ సర్" అంటారు. మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఒలింపిక్స్ వస్తే చాలు, నల్లోళ్ళకి పుట్టుకతోనే స్పీడ్ వస్తుంది అని ఒక మాట తిరుగుతుంటుంది, పొగుడుతున్నాం అనుకునే అంటారు. ఆ పొగడ్త ఎంత ప్రమాదమో కిందకి వెళ్ళాక తెలుస్తుంది, గుర్తుపెట్టుకోండి.

హ్యారీ చిన్నప్పుడే కుటుంబం నార్త్ వాంకూవర్‌కి మారింది. వీళ్ళు ఆ వీధిలోకి రావొద్దని ఇరుగుపొరుగు సంతకాలు పెట్టి అర్జీ తిప్పారు. స్కూల్‌కి వెళ్ళిన మొదటిరోజే పిల్లలు రాళ్ళు విసిరారు. వాలెరీ పెద్దయ్యాక ఇవన్నీ బయటికి చెప్పింది. నేను హిస్టరీ తీసుకునేటప్పుడు ఇలాంటివి "సోషల్" అనే గడిలో రాసి వదిలేసేవాళ్ళని చూశాను. ఈ పిల్లాడికి సంబంధించి అది వదిలేసే సంగతి కాదు, ఎందుకంటే జనం తన గురించి ఏమనుకుంటున్నారో ముందే తెలిసిపోయిన మనిషి, దెబ్బ తగిలినప్పుడు నోరు విప్పి చెప్పుకోడు, మూసుకుపోతాడు. ఆ మూసుకుపోవడాన్నే తర్వాత పేపర్లవాళ్ళు పొగరు అన్నారు.

1959లో, పద్దెనిమిదేళ్ళకే, 220 గజాల కెనడా రికార్డు కొట్టాడు. అప్పటిదాకా అది పెర్సీ విలియమ్స్ పేరు మీద ముప్పై ఏళ్ళ పైనుంచి ఉంది. విలియమ్స్ కూడా వాంకూవర్ వాడే, తెల్లవాడు, 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో 100, 200 మీటర్లు రెండూ గెలిచిన హీరో. ఈ పేరు కూడా గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత జెరోమ్ స్కాలర్‌షిప్ మీద అమెరికాలో ఒరెగాన్ యూనివర్సిటీకి, కోచ్ బిల్ బవర్‌మన్ దగ్గరికి వెళ్ళాడు. 1960 జూలై 15న సాస్కటూన్‌లో 100 మీటర్లు 10.0 సెకన్లలో పరిగెత్తాడు. అంతకు మూడు వారాల ముందే జర్మనీ వాడు ఆర్మిన్ హారీ పెట్టిన వరల్డ్ రికార్డుతో సమానం. ఇతనికి అప్పుడు పందొమ్మిదేళ్ళు. ఆ 10.0ని 1968 దాకా ఎవరూ అధికారికంగా దాటలేకపోయారంటే ఆ టైం విలువ అర్థం చేసుకోండి.

మొదటి గాయం: రోమ్, 1960

ఒలింపిక్స్ 100 మీటర్ల సెమీఫైనల్. పరుగు మధ్యలో తొడ వెనక కండ లాగేసింది, ఆగిపోయాడు, రేసు పూర్తి చేయలేదు. ఫైనల్ ఆర్మిన్ హారీ గెలిచాడు.

స్ప్రింటర్‌కి హ్యామ్‌స్ట్రింగ్ పోయేది ఎక్కువగా ఎప్పుడంటే, కాలు ముందుకి విసిరి పాదం ఇంకా నేలకి ఆనకముందు, ఆ క్షణంలో. ముందుకి దూసుకెళ్తున్న కాలికి బ్రేక్ వేయాల్సింది తొడ వెనక కండే, అంటే ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క బిగుసుకోవాలి, అది కూడా సెకనుకి నాలుగైదు అడుగులు పడే స్పీడ్‌లో. అందుకే ఇది మెల్లగా పరిగెత్తేవాడికంటే ఫుల్ స్పీడ్‌లో ఉన్నవాడికే వచ్చే గాయం. రేసులో బాగా వెనకబడి ఎవడూ హ్యామ్‌స్ట్రింగ్ తెంపుకోడు, చేతనైనదంతా పెడుతున్నవాడికే తెగుతుంది. మా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది చాలా మామూలు సంగతి.

మరి కెనడా పేపర్లు ఏం రాశాయి? చేతులెత్తేశాడు అని. పెద్ద రేసు వచ్చేసరికి ఒత్తిడి తట్టుకోలేక ఆగిపోయాడు అని. ఇప్పుడు ఆ పొగడ్త దగ్గరికి రండి. నల్లవాడికి స్పీడ్ పుట్టుకతో వస్తుంది అని ఒకసారి నమ్మాక, వాడు గెలిస్తే అందులో వాడి కష్టం ఏమీ లేదు, ఓడితే మాత్రం గుండె ధైర్యం లేదని అర్థం, ఎందుకంటే కాళ్ళు ఎలాగూ దేవుడిచ్చాడు కదా. మధ్యలో గాయం అనేదానికి చోటే లేదు ఆ లెక్కలో. రిపోర్టర్లు మైకులు పట్టుకుని వస్తే ఇతను మాట్లాడలేదు, అది కూడా తప్పే అయింది.

ఇంకో విషయం కూడా కలుపుకోవాలి. 1960లో ఎమ్మారై లేదు, కండ మీద అల్ట్రాసౌండ్ పెట్టి ఇదిగో ఇక్కడ ఇంత చిరిగింది అని చూపించే పరిస్థితి లేదు. డాక్టర్ చేత్తో తడిమి చెప్పాలి, లేదా అథ్లెట్ చెప్పింది నమ్మాలి. స్కాన్ లేని చోట నమ్మకమే డయాగ్నోసిస్. ఎవరి మాట నమ్ముతాం అన్నది అప్పుడు రంగు మీద కూడా ఆధారపడింది.

రెండోది: పెర్త్, 1962

రోమ్ తర్వాత జెరోమ్ మళ్ళీ పుంజుకున్నాడు. 1961 మేలో 100 గజాలు 9.3, వరల్డ్ రికార్డుకి సమానం. 1962 ఆగస్టు 25న సొంత ఊరు వాంకూవర్‌లోనే 9.2, మళ్ళీ రికార్డుకి సమానం. అంటే 100 మీటర్లు, 100 గజాలు రెండిట్లోనూ వరల్డ్ రికార్డు లిస్టులో ఒకేసారి ఇతని పేరుంది. మూడు నెలలు తిరిగేసరికి నవంబర్ చివర్లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో కామన్వెల్త్ గేమ్స్, అప్పట్లో వాటిని బ్రిటిష్ ఎంపైర్ అండ్ కామన్వెల్త్ గేమ్స్ అనేవాళ్ళు, విపరీతమైన ఎండలు. 100 గజాల ఫైనల్‌లో జెరోమ్ ఆఖరి స్థానం. గెలిచింది కెన్యా నుంచి సెరాఫినో ఆంటావ్, ఆయన మూలాలు మన గోవావి, ఇది కేసుకి సంబంధం లేదు కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

ఈసారి పోయింది తొడ ముందు కండ, క్వాడ్రిసెప్స్. మామూలుగా లాగేయడం కాదు, తెగిపోవడం. క్వాడ్రిసెప్స్ అంటే నాలుగు కండల గుంపు, అందులో రెక్టస్ ఫెమోరిస్ అనేది తుంటినీ మోకాలినీ రెండిటినీ దాటి వెళ్తుంది, మోకాలిని పైకెత్తాలన్నా అదే, కాలు చాపాలన్నా అదే, అందుకే స్ప్రింటర్లకీ ఫుట్‌బాల్ ఆడేవాళ్ళకీ ఆ గుంపులో ముందు దెబ్బతినేది చాలాసార్లు అదే. ఇలా పూర్తిగా తెగిన కేసు ఒకటి చూస్తే మర్చిపోలేరు, తొడ మీద వేలు పెడితే గుంట తగులుతుంది, దాని పైన కండంతా ముద్దకట్టి ఉంటుంది. ఆ కాలితో ఫినిష్ లైన్ దాకా వచ్చినవాడిని పట్టుకుని ఏమనాలి?

మళ్ళీ అదే అన్నారు. పారిపోయే రకం. రెండుసార్లు పెద్ద మీట్‌లో ఇలాగే చేశాడు కదా, ఇంకేం రుజువు కావాలి అన్నట్టు. రెండేళ్ళ వ్యవధిలో ఒకే అథ్లెట్ రెండు వేర్వేరు తొడ కండలు పోగొట్టుకుంటే ఏ ఫిజియో అయినా అడిగే ప్రశ్న, మొదటి గాయం పూర్తిగా మానిందా, మానకుండానే లోడ్ పెంచారా, రెండు కాళ్ళ బలంలో తేడా ఉందా అని. వాళ్ళకి తట్టిన ప్రశ్న వీడి క్యారెక్టర్ ఏంటి అని.

ఇప్పుడు పెర్సీ విలియమ్స్. 1930లో హామిల్టన్‌లో జరిగిన మొదటి ఎంపైర్ గేమ్స్‌లో, అదే 100 గజాల ఫైనల్‌లో, విలియమ్స్‌కి కూడా తొడ కండ పోయింది. గెలిచాడు కానీ ఆ తర్వాత పాత స్పీడ్ రాలేదు, 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో వ్యక్తిగత ఈవెంట్‌లో ఫైనల్‌కి కూడా చేరలేదు. ఈ కథ ఎక్కడ చదివినా గాయం ఆయన కెరీర్‌ని మింగేసింది అని ఉంటుంది, చదివేవాళ్ళకి అయ్యో అనిపిస్తుంది, అనిపించాలి కూడా. ఒకే ఊరు, ఒకే పరుగు, ఒకే గేమ్స్, గాయమూ తొడలోనే. ఒకరిది దురదృష్టం, ఇంకొకరిది పిరికితనం. మాకు రీసెర్చ్ మెథడాలజీలో ఎలా పోల్చాలో చెప్తారు, మిగతావన్నీ ఒకేలా ఉండి ఒక్క అంశం వేరైతే తేడా దాని వల్లే అని వెతకాలి అంటారు. విలియమ్స్ అప్పటికే ఒలింపిక్ చాంపియన్, పైగా ఆ రేసు గెలిచాడు, కాబట్టి పూర్తిగా సమానం అనను. కానీ ఆ తేడాలన్నీ తీసేశాక కూడా మిగిలేది ఒకటుంది, అదేంటో మీకు తెలుసు. ఇద్దరూ 1982లోనే, అదే వాంకూవర్‌లో, వారం పైన ఒక రోజు తేడాతో పోయారు.

ఆపరేషన్, ఆ తర్వాత

వాంకూవర్‌కి తీసుకొచ్చి హెక్టర్ గిల్లెస్పీ అనే సర్జన్ ఆపరేషన్ చేశాడు. మళ్ళీ పరిగెత్తడం అనుమానమే అన్నారు. అది అతిగా చెప్పింది కాదు. కండని ఎముకకి కలిపే గట్టి తాడు లాంటి స్నాయువు తెగితే కుట్టు పట్టుకుంటుంది, కండ మధ్యలో తెగితే కుట్టడం ఉడికిన మాంసానికి సూదీదారం వేసినట్టే, బిగిస్తే కోసుకుపోతుంది. సర్జన్ చుట్టూ ఉన్న గట్టి పొరని పట్టుకుని కుట్టుకోవాలి. అదయ్యాక కాలు కదలకుండా ఉంచాలి, ఉంచిన ప్రతి వారానికీ తొడ సన్నబడిపోతుంది, క్వాడ్రిసెప్స్ అంత త్వరగా కరిగిపోయే కండ ఒంట్లో ఇంకోటి లేదేమో అనిపిస్తుంది నాకు. మానిన చోట కండకి బదులు మచ్చ వస్తుంది, అది సాగదు, దాని పక్కనున్న మంచి కండ మీద ఎక్కువ లాగుడు పడుతుంది, మళ్ళీ తెగితే అక్కడే తెగుతుంది.

మామూలు మనిషికి ఇది పెద్ద సమస్య కాదు, మెట్లెక్కుతాడు, స్కూటర్ నడుపుతాడు. స్ప్రింటర్ లెక్క వేరు. టాప్ స్పీడ్‌లో పాదం నేల మీద ఉండేది సెకనులో పదో వంతు కంటే తక్కువ, ఆ కాస్త టైంలో ఒంటి బరువుకి కొన్ని రెట్లు తొయ్యాలి. రెండు కాళ్ళ మధ్య పది శాతం తేడా ఉన్నా ఇప్పుడు మేము ఫుల్ స్పీడ్ స్ప్రింట్‌కి పచ్చజెండా ఊపం. 1963లో ఇవి కొలిచే మెషీన్లు లేవు, పాటించడానికి ఇప్పుడున్నలాంటి ప్రోటోకాల్స్ లేవు. జెరోమ్ 1963 సీజన్ మొత్తం వదిలేసుకున్నాడు. ఇది నాకు ఈ కేసులో అన్నిటికంటే నచ్చిన విషయం. పారిపోయేవాడు అని పేరుపడ్డ మనిషి, ఆ పేరు చెరిపేసుకోవాలన్న తొందర ఎంత ఉంటుంది, ఆరు నెలలకే ట్రాక్ ఎక్కేసి చూశారా అనాలనిపించదా? అనిపించినా ఎక్కలేదు. మా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళలో సగం రీ-ఇంజరీలు, అంటే మళ్ళీ అదే చోట తగిలే దెబ్బలు, ఇదిగో ఈ "చూశారా" వల్లే, కోచ్ ఏదో అన్నాడని, టీమ్‌మేట్ నవ్వాడని, సెలక్షన్ ట్రయల్స్ దగ్గరపడ్డాయని, నొప్పి ఉన్నా స్పైక్స్ (మేకుల బూట్లు) కట్టేస్తారు. ఓర్పు అంటే నొప్పితో పరిగెత్తడం అని మన సినిమాలు నేర్పేశాయి. ఇతని ఓర్పు ఒక ఏడాది పరిగెత్తకుండా ఉండటంలో ఉంది.

ఫలితం

1964 అక్టోబర్, టోక్యో. ఆపరేషన్‌కీ దీనికీ మధ్య రెండేళ్ళు కూడా నిండలేదు. 100 మీటర్ల ఫైనల్ సిండర్ ట్రాక్ మీద, అంటే బొగ్గు చిట్టెం పొడి పరిచిన ట్రాక్, ఒలింపిక్స్‌లో అదే ఆఖరిసారి, తర్వాత మెక్సికోలో సింథటిక్ వచ్చేసింది. అమెరికా వాడు బాబ్ హేస్ అందరినీ చాలా దూరంలో వదిలేసి గెలిచాడు. రెండోది క్యూబా ఎన్రికే ఫిగెరోలా, మూడోది జెరోమ్. ఇద్దరికీ అధికారిక టైం 10.2 అనే ఉంటుంది, ఎలక్ట్రానిక్ టైంలో 10.25, 10.27. అంటే కుట్టిన తొడతో వచ్చినవాడు వెండి పతకం పోగొట్టుకుంది సెకనులో వందో వంతులు రెండింటికి. 200 మీటర్లలో నాలుగో స్థానం.

పతకం కంటే నాకు ముఖ్యం ఆ తర్వాత వచ్చిన నంబర్. 1966 జూలై 15న ఎడ్మంటన్‌లో 100 గజాలు 9.1, బాబ్ హేస్ వరల్డ్ రికార్డుకి సమానం. గాయానికి ముందు అతని బెస్ట్ 9.2. అప్పటి చేతి గడియారాల టైమింగ్‌లో సెకనులో పదో వంతు అటూ ఇటూ ఉంటుంది అని ఒప్పుకుంటాను, అయినా సరే, తొడ ముందు కండ తెగి కుట్టించుకున్నవాడు ముందుకంటే నెమ్మదించలేదు అన్నది మాత్రం ఖాయం. ఇది ఇప్పుడు, ఇన్ని మెషీన్లతో, ఒక క్లినిక్‌లో జరిగినా మేము కాన్ఫరెన్స్‌లో చెప్పుకుంటాం. అదే ఏడాది జమైకాలో కింగ్‌స్టన్ కామన్వెల్త్ గేమ్స్, 100 గజాలు, 9.4, బంగారం. పెర్త్‌లో ఆఖరున వచ్చిన అదే ఈవెంట్. 1967లో విన్నిపెగ్ పాన్ అమెరికన్ గేమ్స్‌లో 100 మీటర్ల బంగారం, ఈసారి సొంత దేశం జనం ముందు. 1968 మెక్సికోలో మూడో ఒలింపిక్స్, మళ్ళీ ఫైనల్, ఏడో స్థానం, 10.20. ఆ ఫైనల్లో ఎనిమిది మందీ నల్లవాళ్ళే, ఒలింపిక్స్ 100 మీటర్లలో అలా జరగడం అదే మొదటిసారి. దాని తర్వాత రెండు రోజులకే అమెరికా నల్లజాతి స్ప్రింటర్లు టామీ స్మిత్, జాన్ కార్లోస్ జాతి వివక్షకి నిరసనగా పోడియం మీద నల్ల గ్లవ్స్ వేసుకున్న పిడికిళ్ళు ఎత్తారు.

1982 డిసెంబర్ 7న మెదడులో రక్తనాళం ఉబ్బి పగలడం వల్ల చనిపోయాడు, 42 ఏళ్ళకి. పాత గాయాలకీ దానికీ ముడిపెట్టే పనిలేదు.

చర్చ

రంగు వల్ల నొప్పిని నమ్మకపోవడం పాతకాలం పేపర్లవాళ్ళ సమస్య అనుకుంటే పొరపాటు. 2016లో వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు తెల్ల మెడికల్ స్టూడెంట్లని, రెసిడెంట్లని (ఆసుపత్రిలో శిక్షణలో ఉన్న డాక్టర్లని) అడిగితే దాదాపు సగం మంది, నల్లవాళ్ళ చర్మం మందంగా ఉంటుంది లాంటి తప్పుడు మాటల్లో కనీసం ఒకటి నిజమే అన్నారు, అలా అన్నవాళ్ళు నల్ల పేషెంట్ నొప్పిని తక్కువ చేసి అంచనా వేశారు కూడా. ఎంబీబీఎస్ స్థాయి చదువు చదివినవాళ్ళు! మన దగ్గర రంగు అనేది జాతి రూపంలో కాకపోవచ్చు, కానీ ఎవరి నొప్పి నొప్పిగా లెక్కకొస్తుంది అనే వరస మాత్రం మన దగ్గరా ఉంది. కార్లో వచ్చిన టెన్నిస్ పిల్ల మోకాలు పట్టుకుంటే ఆ సాయంత్రమే స్కాన్. హాస్టల్ నుంచి వచ్చిన తండా కుర్రాడు తొడ పట్టుకుంటే, "వీళ్ళు గట్టి పిండాలు సార్, రెండ్రోజులు రెస్ట్ ఇస్తే లేస్తారు." గట్టి పిండం అన్నది కూడా పొగడ్తే, పైన చెప్పిన పొగడ్త లాంటిదే, స్కాన్ ఆపేసే పొగడ్త.

అందుకని మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం, పెద్ద గొప్పదేమీ కాదు. అథ్లెట్‌తో పాటు కోచ్ వస్తే, హిస్టరీ తీసుకునేటప్పుడు కోచ్‌ని బయట కూర్చోబెడతాం, చాయ్ తాగండి సార్ అని. చాలామంది కోచ్‌లు మంచివాళ్ళే, కానీ "ఎప్పుడు పట్టేసింది నాన్నా" అని కుర్రాడిని అడిగితే సమాధానం కోచ్ నుంచి వస్తుంది, అందులో సగం క్యారెక్టర్ సర్టిఫికెట్ ఉంటుంది, వీడు కొంచెం భయస్తుడు సార్, వీడికి కాంపిటీషన్ అంటే ఇలాగే అని. ఆ మాట ముందు విన్నాక తొడ మీద చెయ్యి పెడితే వేలికి తగలాల్సిన గుంట తగలదు, అందుకే ముందు చెయ్యి పెడతాం. కోచ్ చెప్పేది తర్వాత వింటాం, ఫైల్లో వేరే పేజీలో రాస్తాం.